పది పరీక్ష అయినాక వచ్చే ఎండాకాలం

2004 నాటికి మా ఇంటి సంగతి ఇది: తాత రాసింది నాయన చదవలేడు, నాయన రాసింది మేము చదవలేము. చదువు రానోళ్ళ ఇల్లు కాదు మాది, అందరం బడికి పోయినోళ్ళమే. తాత చదివింది తెలుగు, నాయన చదివింది తమిళం, మేము చదివింది కన్నడం. ముగ్గురి నోట్లోనూ ఆడేది మాత్రం ఒకే తెలుగు. దూరంగా ఉండే చుట్టాలకు ఈ మాట చెప్తే నవ్వుతారు గానీ, హోసూరు, డెంకణికోట, వేపనపల్లి దిక్కు ఇట్లాంటి ఇండ్లు చానా ఉన్నాయి. కోయంబత్తూరులో, మదురైలో, కోలారులో స్థిరపడిన మన ఇండ్లలోనూ కొంచెం అటూ ఇటూగా ఇదే కథ ఉంటుందని మా అంచనా.

ఇట్ల ఎందుకయింది, ఒక ఎండాకాలంలో ఇది మా ఇంటి మీదికి ఎట్ల వచ్చి పడింది అన్నది ఈసారి రాస్తున్నాము. ఎండాకాలం అని ఎందుకంటే, బళ్ళు మూసి మళ్ళా తెరిచే నడుమ ఉండే ఆ రెండు నెలల్లోనే మా ఇంట్లో పెద్ద సంగతులన్నీ తేలినాయి. ఎవరు ఏ బడికి పోవాలి, ఎవరు ఏ ఊరికి పోవాలి, ఏ చేను ఎవరికి, అన్నీ.

ముందు ఊరి సంగతి కొంచెం. మా పల్లె బాగలూరు, బేరికె నడుమ ఉంది. చేల గట్లెక్కి కొంచెం దూరం నడిస్తే కర్ణాటక. పాతోళ్ళు ఈ దిక్కంతా కలిపి మొరసునాడు అనేవాళ్ళు. కోలారు, హోసూరు, చిత్తూరు పడమర దిక్కు అన్నీ దాంట్లోవే. విజయనగరం రాజులు పెనుకొండకు మారినాక 1589లో ఆ కోటను కాపాడినందుకు జగదేవరాయడికి బారామహల్ సీమను ఇచ్చినారు. కృష్ణగిరి చుట్టూ ఉండే పన్నెండు కోటల సీమ అది. ఆయన తెలుగువాడు. ఆయనతోనే తెలుగోళ్ళు ఈడికి వచ్చినారని కాదు, అంతకు ముందూ ఉన్నారు, తర్వాతా వచ్చినారు. తర్వాత మైసూరు వాళ్ళు, హైదరు, టిప్పు. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహల్ కుంపిణీ చేతికి పోయింది. హోసూరు దిక్కు మాత్రం ఇంకో ఏడేళ్ళు మైసూరు కిందనే ఉండి, 1799లో టిప్పు పోయినాక కుంపిణీకి వచ్చింది. బారామహల్‌లో భూములు కొలిచి రైతు పేరున పన్ను రాసిన రీడు దొర కింద పనిచేసినవాడే థామస్ మన్రో. ఆ పనిని ఈడ నేర్చుకొనే, 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా పోయినాడు. రాయలసీమలో మన్రో పేరు మీద పిల్లలకు పేర్లు పెట్టుకున్నారు. ఆయన కొలత నేర్చుకున్న నేల మాది అని మా దిక్కు ఎవరూ చెప్పుకోరు. ఎందుకో మరి.

అట్ల హోసూరు సేలం జిల్లాలో ఒక తాలూకా అయింది. ధర్మపురి జిల్లా 1965 అక్టోబరు 2న విడిపోయేదాకా మా కలెక్టరు సేలంలోనే ఉండేవాడు.

తాత పుట్టింది 1926 దిక్కున. అప్పట్లో మా పల్లెలో వీధి అరుగు మీద బడి. అయ్యవారు తెలుగు, లెక్కలు చెప్పేవాడు, అంతే. మొరప్పూరు నుంచి ధర్మపురి మీదుగా హోసూరికి చిన్న రైలు వచ్చేది. 1906లో ధర్మపురి దాకా, 1913లో హోసూరు దాకా వేసిన సన్న పట్టాలు. తాత దాన్ని ఎక్కింది ఒక్కసారే. 1941లో యుద్ధం నాడు ఆ లైను మూసేసినారు. హోసూరికి మళ్ళా రైలు రావడానికి సుమారు ముప్పై ఏండ్లు పట్టింది. కృష్ణగిరి ఊరికయితే ఇప్పటికీ రైలు లేదు.

తాతకు బాగా గుర్తున్నది రైలు కాదు, గడి. ఏది ఎటు పోతుందో అనే గడి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆనాడు మదరాసు ముఖ్యమంత్రి రాజాజీ. ఆయన పుట్టింది మా హోసూరు పక్కన తొరపల్లిలోనే, చిన్నప్పుడు చదివింది హోసూరు బడిలోనే. రాజాజీ ఊరు ఆంధ్రకు పోతుందా అని మా పల్లెలో ఎగతాళి చేసుకునేవాళ్ళంట. 1956 నవంబరు 1న భాషల ప్రకారం రాష్ట్రాలు మళ్ళా గీసినప్పుడు కోయంబత్తూరు జిల్లాలో ఉండిన కొల్లేగాలం మైసూరుకు పోయింది. హోసూరు పోలేదు. తెలుగోళ్ళు ఉన్నారు, కన్నడంవాళ్ళు ఉన్నారు, తమిళులు ఉన్నారు. అందరూ ఉన్న ఊరు ఉన్న చోటే ఉండిపోయింది. ఆ ఏడే తమిళాన్ని అధికార భాష చేస్తూ మదరాసు శాసనసభ చట్టం చేసింది. ఇక ఆఖరుగా 1960 ఏప్రిల్ 1న ఆంధ్రకూ మదరాసుకూ సరిహద్దు సవరించినారు. తిరుత్తణి మదరాసుకు వచ్చింది, సత్యవేడు దిక్కు ఆంధ్రకు పోయింది, మా సేలం జిల్లా నుంచి కూడా ఏవో కొన్ని పల్లెలు పోయినాయి. వాటిలో మాది లేదు.

ఆ ఎండాకాలమే నాయనను బడిలో వేసే ఏడు. అరుగు బడి అయ్యవారు ఇంకా బతికే ఉన్నాడు. తాత ఆయన దగ్గరికి పోయి చెప్పి వచ్చినాడంట: "అయ్యా, గీత గీసేసినారు. ఇంక పిల్లోడిని తమిళ బడికి పంపిస్తా." జూన్‌లో నాయనను బాగలూరు తమిళ బడిలో వేసినాడు. తాలూకా ఆఫీసులో కాగితం చదవడానికి ఇంట్లో ఒకడు ఉండాల అన్నది తాత లెక్క. ఆ లెక్క తప్పు అని ఇప్పుడు మాటాడే తెలుగు అభిమానులతో మేము ఒప్పుకోము. పట్టా, పాసుబుక్కు, కరెంటు బిల్లు అన్నీ తమిళంలో వచ్చే ఊర్లో తాత చేసింది సరైన పనే. దానికి కట్టిన వెల వేరే సంగతి.

నాయన తర్వాత చిన్నాయన, ఆ తర్వాత అత్త, ముగ్గురూ తమిళమే చదివినారు. చిన్నాయన బడి ముగించేసరికి హోసూరు మారిపోయింది. సిప్‌కాట్ వాళ్ళు భూములు తీసుకొని కంపెనీలు తెచ్చినారు. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ హోసూరు నుంచే బయటికి వచ్చింది, అశోక్ లేలండ్ లారీల ఫ్యాక్టరీ కూడా ఆ కాలందే. 1986-87లో టైటాన్ గడియారాలు. బడి అప్పుడే ముగించిన పిల్లలను పల్లెల నుంచి తీసుకొని పని నేర్పించినారు వాళ్ళు. ఇల్లు విడిచి వచ్చిన పిల్లలు కదా అని పెంపుడు తల్లిదండ్రుల లెక్కన ఒక్కో ఇంటికి ఒక పెద్ద జంటను కూడా పెట్టినారు. చిన్నాయన వేరే ఒక కంపెనీలో చేరి హోసూరులోనే ఇల్లు కట్టుకున్నాడు. కొడుకును ఇంగ్లీషు మీడియంలో వేసినాడు.

మరి మాకు కన్నడం ఎట్ల వచ్చింది? అమ్మది మాలూరు దిక్కు. మా పల్లెకు నడిచిపోయే దూరంలో ఉండిన సర్కారు బడి కన్నడ మీడియం. తమిళనాడులోనే అట్లాంటి బళ్ళు మా తాలూకాలో చానా ఉన్నాయి. పుస్తకం తమిళనాడుది, పాఠం కన్నడంలో. అప్పట్లో మా బళ్ళో మొదటి భాషగా కూడా కన్నడమే చదివేవాళ్ళం, తమిళం ఒక్క అక్షరం నేర్చుకోకుండా పది దాటేయొచ్చు. అత్త కూతురు కూడా మా ఇంట్లోనే ఉండి మాతోనే చదివింది. మేము, అత్త కూతురు, హోసూరులో చిన్నాయన కొడుకు, ముగ్గురం ఒకే ఏడు పది పరీక్ష రాసినాము. 2004 మార్చిలో.

ఆ ఏడే ఫిబ్రవరి 9న కృష్ణగిరి జిల్లా పుట్టింది. అంతకు ముందు కలెక్టరును చూడాలంటే హోసూరు నుంచి తొంభై కిలోమీటర్లు ధర్మపురికి పోవాల. ఇప్పుడు యాభై. పెద్దోళ్ళందరికీ అదే సంతోషం. ఆఫీసుల ముందర పాత జిల్లా పేరు చెరిపి కొత్త పేరు రాస్తా ఉన్నారు, రంగు ఆరలేదు. మే 10న పార్లమెంటు ఓట్లు. ఆటోల మీద మైకులు పెట్టి ఊర్లో తమిళంలో, మా పల్లెల్లోకి వచ్చినాక తెలుగులో, గడి పక్కకు పోతే కన్నడంలో అరిచేవాళ్ళు. ఓట్లప్పుడు మాత్రం మా భాషలు అందరికీ గుర్తొస్తాయి. తమిళనాడులో ముప్పై తొమ్మిది సీట్లూ ఒకే కూటమికి పోయినాయి ఆసారి.

పరీక్ష అయిపోయి ఫలితం రాని ఆ రోజులు ఎట్లుంటాయో అందరికీ తెలుసు. బడికి పోయే పని లేదు, పెద్దోళ్ళ పనికి పూర్తిగా పిలవరు. పొద్దున అంబలి తాగి మామిడి తోటలో కోతుల కావలి, మధ్యాన్నం అరుగు మీద పడక, సాయంత్రం బావి దగ్గర ఈత. రాత్రి మిద్దె మీద పడుకొని బెంగళూరు దిక్కు ఆకాశంలో కనిపించే ఎర్రటి వెలుగు చూస్తా ఉండేవాళ్ళం. ముగ్గురమూ చెప్పుకోని భయం ఒకటే: జూన్ తర్వాత ఏమి? చిన్నాయన కొడుక్కి హోసూరులోనే ప్లస్ వన్ ఖాయం. మా ఇద్దరికీ దగ్గర్లో కన్నడ మీడియం పైచదువు లేదు. ఈ పక్కకు పోతే తమిళం, ఆ పక్కకు పోతే ఇంగ్లీషు. పదేండ్లు చదివిన భాష పదకొండో ఏడుకు పనికి రాదు అని తెలిసేది ఆ మిద్దె మీదనే. మా ఈడు కన్నడ మీడియం పిల్లలను ఎవర్ని అడిగినా ఆ ఎండాకాలం గురించి ఇదే చెప్తారు. ఎండ కాదు, కడుపులో ఒక రకమైన చలి.

అప్పుడు తాత పిలిచినాడు.

డెబ్బై ఎనిమిదేండ్ల తాతకు రెండు కండ్లలోనూ పొర వచ్చింది. తను పోయేలోగా భూమి పంచేయాలని పట్టు పట్టినాడు. పంచే ముందు తన లెక్క పుస్తకాలు ఒకసారి చదివి వినిపించాల అన్నాడు. ఎవరికి ఎంత పెట్టినాడో, ఎవరి దగ్గర ఎంత తీసుకున్నాడో దాంట్లో ఉందంట. పాత ట్రంకు పెట్టెలో గుడ్డ అట్టల పుస్తకాలు పదకొండు. అన్నీ తెలుగు. నాయన తిరగేసి చూసి, "నాకు ఇది ముగ్గు మాదిరి ఉంది నాయనా" అన్నాడు. చిన్నాయన అసలు చేతికే తీసుకోలేదు.

"కన్నడం చదివినోళ్ళు ఉన్నారు కదా, వాళ్ళను పిలవండి" అన్నాడు తాత.

తాతకు ఎట్ల తెలుసో గానీ, ఆయన అన్నది నిజం. తెలుగు, కన్నడ లిపులు రెండూ ఒకే పాత లిపి నుంచి వచ్చినవి. సుమారు ఏడెనిమిది వందల ఏండ్ల కిందట విడిపోవడం మొదలయి, తర్వాత మెల్లగా రెండు దార్లు పట్టినాయి. గ, ద, న, ర, ల, య, బ చూస్తే అన్నదమ్ములే. తలకట్టు కన్నడలో అడ్డంగా పండుకొని ఉంటుంది, తెలుగులో టీచరు కొట్టిన టిక్కు మార్కు మాదిరి నిలబడుతుంది. క, త మాత్రం వేరే మనుషులు. ఏత్వం, ఓత్వం దగ్గర కూడా తేడా. కన్నడలో పొట్టి గుర్తు పక్కన ఒక పొడుగు గుర్తు తగిలిస్తే సరిపోతుంది, తెలుగులో గుర్తు ఆకారమే మారుతుంది. మొదటి రోజు అత్త కూతురు ఒక కాగితం మీద రెండు వరసలు రాసింది, ఈ పక్క కన్నడం, ఆ పక్క తెలుగు. తెలీని అక్షరం వస్తే తాత అరచేతిలో వేలితో రాయడం, ఆయన పలకడం. నాలుగు రోజుల్లో ఆ కాగితం నిండింది. తర్వాత దాంతో పని పడలేదు.

ఇప్పుడు మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రెండు వర్షన్లు పక్కపక్కన పెట్టుకొని ఏది మారింది, ఏది మారలేదు అని చూసే పని. ఆ పని మొదట చేసింది ఆ అరుగు మీదనే అని మాకు అనిపిస్తుంది. ఇంకో ముచ్చట. కంప్యూటర్లు వాడే యూనికోడ్ పట్టీలో తెలుగు గళ్ళు ముగిసిన చోటే కన్నడ గళ్ళు మొదలవుతాయి. తెలుగు అక్షరం నంబరుకు 128 కలిపితే దాదాపు అన్నిచోట్లా అదే కన్నడ అక్షరం వస్తుంది. ఆ పట్టీ చేసినోళ్ళకు మా ఇంటి సంగతి తెలీదు గానీ, పక్కపక్క ఇండ్లు అని వాళ్ళకూ తెలుసు.

అక్షరం కంటే అంకె తేలిగ్గా వచ్చింది. బెంగళూరు సిటీ బస్సుల మీద కన్నడ అంకెలు చూసి చూసి అలవాటు. తెలుగు అంకెలు చానా వరకు అవే. కష్టపెట్టింది గీతలు. పాత లెక్కల్లో నిలువు గీత అంటే కాలు, రెండు గీతలు అర, మూడు గీతలు ముప్పాతిక. అడ్డ గీత అయితే పదహారో వంతు, అంటే రూపాయిలో అణా. (ఆ గీతలకు కూడా 2008లో యూనికోడ్‌లో చోటు దొరికింది.) 1957 ఏప్రిల్ దాటినాక ఆ గీతలు పుస్తకంలో తగ్గతా వచ్చి, "నయా" అనే మాట కనపడుతుంది. రూపాయికి నూరు నయా పైసలు వచ్చింది ఆ నెల ఒకటో తేదీనే. కొలతలు మాత్రం చానా కాలం మారలేదు. సేరు, బళ్ళ, కొళగ, ఖండుగ. ఇరవై కొళగలు ఒక ఖండుగ. రాగులు అట్లనే కొలిచినారు. మాట తెలుగు, కొలత కన్నడం, పన్ను రసీదు తమిళం. పుస్తకం నడుమ అంటించిన ఆ రసీదులను నాయన చదివేవాడు, చుట్టూ ఉన్న రాతను మేము చదివేవాళ్ళం. ఒక పుట చదవడానికి ఇంట్లో ఇద్దరు కావాల్సి వచ్చేది.

తాత గొలుసుకట్టు రాత. మాట మాటకూ అతికిస్తాడు. అయినా ఇరవై రోజుల్లో తొమ్మిది పుస్తకాలు అయినాయి. 1960 పుస్తకంలో నాయన పలక, బలపం కొన్న లెక్క ఉంది, పక్కన "అరవం బడి" అని. కరువు ఏండ్లలో పుటలు సగం ఖాళీ. పదో పుస్తకం అత్త కూతురు చదువుతా ఉంది. 1987. దేశమంతా వాన పోయిన ఏడు అది. బోరు తవ్వించిన లెక్క వరసగా వస్తా ఉంది: లారీ, కేసింగు, కూలి, అప్పు. ఆ నడుమ ఒక వరస. "పాప గాజులు నాలుగు సవర్లు, బోరుకు. తిరిగి ఇయ్యవలె."

పాప అంటే అత్త. 1985లో పెండ్లి అయింది. 87లో కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు గాజులు తీసి ఇచ్చింది. ఆ కాన్పులో పుట్టిన పిల్లే ఆ వరస చదువుతా ఉన్నది. చదివి ఆగిపోయింది. తిరిగి ఇచ్చిన వరస కోసం తర్వాత పుటలన్నీ వెతికినాము, పదకొండో పుస్తకం ఆఖరు దాకా. లేదు.

నాయనకు గుర్తు లేదు, చిన్నాయనకు తెలీదు. అత్తను పిలిస్తే, "అది ఇప్పుడెందుకు, వదిలేయండన్నా" అని వంటింట్లోకి పోయింది. మామ పోయినాక ఆమె పుట్టింట్లోనే ఉంది. ఎప్పుడూ అడగలేదు.

అప్పటికే పత్రం రాసే ఆయన దగ్గర పంపకం మాట అయిపోయి ఉంది. రెండు వంతులు, ఇద్దరు కొడుకులకు. తమిళనాడులో ఆడబిడ్డలకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చే సవరణ అప్పటికే ఉంది. కానీ 1989 మార్చి 25 కు ముందే పెండ్లి అయిన ఆడబిడ్డలకు అది వర్తించదు. అత్తది 85. చట్టం ప్రకారం ఆమెకు అడిగే దారి లేదు. దేశమంతటికీ చట్టం మారింది 2005 సెప్టెంబరు 9న. అందులో కూడా 2004 డిసెంబరు 20 కు ముందు రిజిస్టరు అయిన పంపకాలను కదిలించరు. మా పత్రం జూన్‌లో. అంటే ఆ ఎండాకాలంలో ఆ వరస బయటపడకపోతే, తర్వాత ఏ చట్టం వచ్చినా అత్తకు ఆ భూమిలో గజం కూడా వచ్చేది కాదు. ఇదంతా మాకు చానా ఏండ్ల తర్వాత తెలిసింది. ఆనాడు తెలిసింది ఒక్కటే, ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

రెండు రోజులు వాదన. చిన్నాయన అన్నది, గాజులకు ఆనాటి వెల కట్టి ఇచ్చేద్దామని. నాయన అన్నది, ఈనాటి వెల కట్టాలని. పదిహేడేండ్లలో బంగారం వెల రెండింతలకు పైనే అయింది. పత్రం రాసే ఆయన చట్టం చెప్పినాడు. తాత అంతా విని, "చట్టం సంగతి నాకెందుకురా, పుస్తకంలో బాకీ ఉంది" అన్నాడు. తర్వాత, "గాజులు నీళ్ళయినాయి. ఆ నీళ్ళు ఏ చెట్లకు పారినాయో ఆ చెట్లు పాపవి" అన్నాడు.

బోరు కింద ఒక ఎకరా, తోతాపురి చెట్లు నలభై చిల్లర. చిన్నాయన వారం రోజులు మాటాడలేదు. ఆయన పక్క కూడా న్యాయం లేకపోలేదు. ఆ బోరు అప్పు తీర్చింది చానా వరకు ఆయన జీతమే, అది కూడా అదే పుస్తకంలో ఉంది. తాత దానికి ఇంటి స్థలం ఒకటి ఎక్కువ రాసినాడు. అందరికీ సమంగా రాలేదు. అందరూ సంతకం పెట్టినారు.

పత్రం తమిళంలో. నాయన గట్టిగా చదివి, తెలుగులో అర్థం చెప్పినాడు. తాత తెలుగులో సంతకం చేసినాడు, నాయనా అత్తా తమిళంలో, చిన్నాయన ఇంగ్లీషులో. మాకు ఇంకా మైనారిటీ తీరలేదు కాబట్టి ఆ కాగితం మీద కన్నడం లేదు.

జూన్‌లో తోతాపురి కోత. కృష్ణగిరి మండీల్లో దాన్ని బెంగళూరా అంటారు. మనం తినే కాయ కాదు, జాస్తి భాగం గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. హోసూరు ఎత్తు మీద ఉంటుంది, చల్లన. శూలగిరి దాటి కిందికి దిగినామంటే వేడిగాలి ముఖానికి కొట్టేది. ముగ్గురం లారీ మీద కాయల పైనే కూర్చొని పోయినాము. మండీలో ఇచ్చిన చీటీ తమిళంలో ఉంది. అంకెలు తప్ప మాకు ఏదీ అర్థం కాలేదు. అత్త కూతురు ఆ చీటీని మడిచి దాచుకుంది. అత్త పేరున వచ్చిన మొదటి చీటీ.

ఫలితాలు వచ్చినాయి, ముగ్గురమూ పాస్. మార్కుల్లో ఆ పిల్లే ఫస్టు. కానీ ఆ ఏడు ఆమె ఎక్కడా చేరలేదు. బాగలూరు దారిలో రోజా పూల తోటల్లో, పాలిథీన్ పందిళ్ళ కింద, పూలు కట్టలు కట్టే పనికి పోయింది. మేము ఆనేకల్‌లో పీయూసీలో చేరినాము, అంతా ఇంగ్లీషు. మొదటి నెల లెక్చరరు అడిగిన ప్రశ్న కూడా అర్థమయ్యేది కాదు. పక్కన కూర్చున్న కన్నడ మీడియం పిల్లలదీ అదే కథ, దానివల్లనే స్నేహం కుదిరింది. మరుసటి ఏడు మామిడి డబ్బుతో అత్త కూతురును మాలూరులో అమ్మ పుట్టింట్లో పెట్టి కామర్స్ చదివించినారు. ఇప్పుడు కృష్ణగిరిలో ఒక మండీలో లెక్కలు రాస్తుంది. తమిళం చీటీలు చూసి చూసి తనే నేర్చుకుంది. కన్నడం నుంచి తెలుగు నేర్చుకున్నంత తేలిగ్గా రాలేదంట.

మేము దాటిన రెండేండ్లకే, 2006లో, తమిళనాడులో తమిళం నేర్చుకోవడం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతి నుంచి మొదలు, ఏడుకొక తరగతి చొప్పున పైకి. ఆ పిల్లలు పదికి వచ్చింది 2016లో. తెలుగు, కన్నడ, ఉర్దూ బళ్ళ పిల్లలు కొందరు పరీక్ష ముందర మద్రాసు హైకోర్టుకు పోయి, తమ భాషలో రాసుకోవడానికి మినహాయింపు తెచ్చుకున్నారు. అప్పుడు మా దిక్కు ఊర్లలో ఇదే మాట. మా అభిప్రాయం అడిగితే, ఉన్న రాష్ట్రం భాష రాకపోవడం కష్టమే, అది మేము మండీలో చూసినాము. కానీ తమిళం నేర్పడానికి తెలుగు బడి అయ్యవారి ఖాళీని నింపకుండా వదిలేయాల్సిన పని లేదు. రెండూ నేర్పే పిల్లలు మా దిక్కు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ళ నోట్లో నాలుగేండ్లకే మూడు భాషలు ఉంటాయి.

అత్త కూతురి కూతురు 2024లో పది రాసింది. తమిళం, ఇంగ్లీషు. వాళ్ళమ్మ కన్నడంలో రాసి పెట్టుకున్న వంటల పుస్తకం ఆ పిల్లకు రాదు. తాత పుస్తకాలు అసలే రావు. తాత 2009లో పోయినాడు. పుస్తకాలు మా దగ్గర ఉన్నాయి. పరీక్ష అయినాక ఆ పిల్ల సెలవులకు మా ఇంటికి వస్తే, పదో పుస్తకం తమిళ లిపిలోకి మార్చి ఇచ్చినాము. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం, జ కు గ్రంథ లిపి నుంచి తెచ్చుకున్న అక్షరం. అంటే అక్షరాన్ని పట్టుకొని చదివితే "కాజులు" అని కూడా రావచ్చు. ఆ పిల్ల తడబడకుండా "పాప గాజులు నాలుగు సవర్లు" అని చదివింది. ఇంట్లో రోజూ వినే మాట కదా. చదివి, "ఈ పాప ఎవరు" అని అడిగింది. వాళ్ళ అవ్వ పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తా ఉంది.

పదకొండు పుస్తకాల్లో ఆరు ఇప్పటికి ఎక్కించినాము. 1962 నుంచి 1966 దాకా పుస్తకం లేదు. ఆ నడుమ తాత కొన్నాళ్ళు మాస్తి దగ్గర తన అక్క ఇంట్లో ఉండినాడు. ఆ ఇంటివాళ్ళు ఎవరయినా ఇది చదివితే, అటకల మీద గుడ్డ అట్ట పుస్తకం, ఎర్ర దారం కట్టింది, ఉందేమో ఒకసారి చూడండి. తెలుగు చదవడం రాకపోయినా ఫరవాలేదు, ఫోటో తీసి పంపండి, మేము చదువుతాము.